మూత లోపలి పన్నెండో పేరు

నా నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకల మీద ఒట్టు. మా తాత దగ్గర్నుంచి నాకొచ్చిన ఒకే ఒక ఆస్తి, పిడి అరిగిన ఈ ఉలి మీద ఒట్టు. ఇక్కడ రాయబోయే ప్రతి మాటా జరిగిందే. ఇంత గట్టిగా ఒట్టు పెట్టడానికి కారణం ఉంది. మా రూములో నన్ను కోతల కాక అంటారు. అన్నవాళ్లను తప్పు పట్టను. ఎడారిలో తోవ తప్పితే ఒక ఒంటె నాకు దారి చూపించిందని, అదీ హిందీలో చెప్పిందని ఒకసారి అన్నాను. సగం మంది నమ్మారు. ఈ దేశంలో డేగలకు పాస్‌పోర్టులుంటాయని, అవి విమానంలో మనుషుల పక్కన కూర్చుని పోతాయని చెప్పినప్పుడు మాత్రం అందరూ పడీ పడీ నవ్వారు. ఒంటె మాట అబద్ధం, డేగ మాట నిజం. అబద్ధాన్ని నమ్మి నిజానికి నవ్వేవాళ్లతో ఇరవై ఏళ్లకు పైగా కాపురం చేస్తున్నాను.

మాది నిర్మల్ వైపు ఊరు, వడ్రంగం చేసే వడ్లోళ్ల ఇల్లు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత సామాన్లు బాగుచేసే షెడ్డులో నా పని. విరిగిన కుర్చీకి కాలు పెడతాను, పురుగు తిన్న బీరువాకు చెక్క మారుస్తాను. నేను చెప్పే రోజులు కరోనా పోయీ పోనట్టున్న రోజులు. మూతికి గుడ్డ లేకుంటే బస్సెక్కనిచ్చేవాళ్లు కాదు. ఆరు మంచాల మా రూములో ముగ్గురమే మిగిలాం. మిగతా మూడు మంచాల మీద బట్టలు ఆరేసుకునేవాళ్లం. మనుషులు పడుకున్నట్టే ఉండేవి.

ఆగస్టు ఎండలో ఒకరోజు మా ముదీర్, అంటే మేనేజరు, పిలిచాడు. మలయాళీ ఆయన, మాటలు తక్కువ, చెమట ఎక్కువ.

"ఇటాలియన్ మేడమ్. ఒక పాత పెట్టె. వచ్చే గురువారం వాళ్ల దేశానికి పోవాలి. పురుగు చంపు, కబ్జాలు సరిచెయ్, పాలిష్ కొట్టు. యల్లా."

కబ్జా అంటే మా దగ్గర భూమి గుంజుకోవడం. ఇక్కడ మూతను పెట్టెకు పట్టి ఉంచే ఇనుప బందు. అన్నీ వదులైపోయిన ఇంట్లో మిగిలింది ఆ రెండో రకం కబ్జా ఒక్కటేనని నాకప్పుడు తెలీదు.

విల్లా పాతది, కిరాయిది. తలుపు మీద ఇత్తడి పలక, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో పొడుగు పేరు. లోపల ఒకే గదిలో ఏసీ నడుస్తోంది. పెద్ద హాలులో ఏమీ లేదు. నేల రాళ్ల మీద మాత్రం చదరాలు చదరాలుగా తెల్లటి మచ్చలున్నాయి. సామాన్లు ఏళ్ల తరబడి నిలబడి, ఈమధ్యే లేచిపోయిన చోట్లు అవి. ఎనభైకి దగ్గరపడిన ఒక సన్నటి ముసలావిడ నాకెదురొచ్చింది. కళ్లలో పొరలు. నేరుగా రాలేదు. హాలు మధ్యలో ఒక పెద్ద తెల్ల మచ్చ చుట్టూ తిరిగి వచ్చింది. అక్కడ ఒకప్పుడు భోజనాల బల్ల ఉండేదట. అది అమ్ముడుపోయి ఏడాదయినా ఆమె ఇంకా దాని చుట్టూ తిరిగే నడుస్తోంది.

నేను మేడమ్ అన్నాను. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఇక్కడ పనికొచ్చినవాళ్లంతా నన్ను మామా అంటారు. నువ్వూ అను."

అరబ్బుల ఇళ్లలో పనివాళ్లు ఇంటి పెద్దావిడను మామా అనడం నాకు తెలుసు. కానీ మనవాడి నోటికి అది ఎలా వస్తుంది? మామ అంటే పిల్లనిచ్చినవాడు, మీసమున్నవాడు. మొదటి రెండు రోజులూ ఆ మాట గొంతులో అడ్డం పడింది. మూడో రోజుకు అలవాటైంది. నాకు పిల్లనిచ్చిన మామ పోయి పదేళ్లయింది, ఆ పిలుపు ఖాళీగానే ఉంది కదా అనుకున్నాను. ఆమె నన్ను ఉస్తాద్ అని పిలిచింది. నలభై ఏళ్లకు పైగా ఇక్కడే ఉండటంతో దుబాయ్ హిందీ మాట్లాడేది. అందులో అరబ్బీ, ఇంగ్లీషు, వాళ్ల భాష అన్నీ కలిసి ఉడికేవి. నాకు అర్థమైన మేరకు తెలుగులో రాస్తున్నాను.

పెట్టె ఏసీ గదిలో ఉంది, మంచం పక్కనే. మా వైపు సందుగ అంటాం. మనిషి ముడుచుకుని పడుకునేంత పొడవు, అక్రోటు కర్ర, ముందువైపు చెక్కడం. మూత ఎత్తితే నాలుగు వందల ఏళ్ల వాసన వచ్చింది. సరే, మూడు వందలు.

మూత లోపలివైపు పేర్లు చెక్కి ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి, పదకొండు. పై పేర్లు అరిగిపోయి వేలికి తగులుతాయి గానీ కంటికి ఆనవు. కిందివి స్పష్టంగా ఉన్నాయి. ఒక్కో పేరూ ఒక్కో చేతి పని. ఆరో పేరు చెక్కినవాడికి ఉలి పట్టడం సరిగ్గా రాదు, తొమ్మిదోవాడు నాకంటే మంచి పనివాడు. పదకొండో పేరు కింద నాలుగు వేళ్ల వెడల్పు చోటు మిగిలింది.

"ఇవెవరి పేర్లు మామా?"

"కోడళ్లవి," అంది. "ఆ ఇంట్లో అడుగుపెట్టిన కోడలి పేరు పెళ్లిరోజునే ఇందులో చెక్కుతారు. పదకొండోది మా అత్తగారు."

"మీది?"

ఆమె మూతను మెల్లగా దించింది. జవాబు మాత్రం మరుసటి రోజు చెప్పింది.

వాళ్లాయన ఒక దొరల ఇంటి పెద్ద కొడుకు. వాళ్ల దేశంలో దొరతనాలు కాగితం మీద ఎప్పుడో రద్దయ్యాయట, మన దగ్గర జాగీర్లు పోయినట్టే. పేరు మిగిలింది, కోటలాంటి గడి మిగిలింది. గడి కప్పు బాగుచేయించడానికి తోట అమ్మారు, తోటకు కాపలా తీసేశాక గోడ కూలింది, గోడ కట్టడానికి ఇంకో పొలం అమ్మారు. చివరికి ఆ గడి ఒక హోటలు వాళ్లకు పోయింది. ఈయన పాలరాయి వ్యాపారం మీద ఇక్కడికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. పిల్లలు లేరు. కరోనా వచ్చిన ఏడు ఆస్పత్రిలో చేరి, మూడో వారంలో పోయాడు. ఆమెను లోపలికి రానివ్వలేదు. సందుగ మాత్రం ఆయనది కాదు, ఇంటిది. ఇంటి మగవారసుడికి చెందాలని వీలునామా. వారసుడు ఆయన తమ్ముడి కొడుకు. గురువారం వాడే స్వయంగా వచ్చి తీసుకుపోతానని ఫోన్లో చెప్పాడట.

"తీసుకుపోనీ. నాకు సందుగ అక్కర్లేదు," అంది. "గురువారం లోపు పన్నెండో పేరు చెక్కు ఉస్తాద్. మా అత్త చెక్కనివ్వలేదు. యాభై ఏళ్లు. మా ఆయన చెక్కిస్తాడని చూశాను. నేను అడగలేదు. అడిగి తెచ్చుకున్నది వేరు, తనంతట తాను ఇచ్చింది వేరు. ఇప్పుడు ఇచ్చేవాడే లేడు. వాడు మూత ఎత్తినప్పుడు ఆ పేరు చదవాలి. అంతే."

ఆ సాయంత్రం రూములో ఈ కథ చెప్పాను. కొంచెం ఉప్పూ కారం వేశాననుకోండి. ఒక మంచం మీద జగిత్యాల వైపు మేస్త్రీ, ఇంకో మంచం మీద నా ఈడు డ్రైవరు.

"గడి ఎంతుంటదట కాకా?" మేస్త్రీ అడిగాడు.

"నూటొక్క అర్రలు."

"నూటొక్క అర్రల దొరసాని షార్జాల కిరాయింట్ల ఎందుకుంటది?"

"రోజొక అర్ర అమ్ముకుంట ఈడిదాంక వచ్చిండ్రు."

డ్రైవరు లుంగీ బిగించి లేచి కూర్చున్నాడు. "ఓ బావా, మీ తాత దొర గడిల తలుపులకు వెట్టి చేసిండని నువ్వే చెప్తివి గదా. నువ్వు దర్యా దాటొచ్చి గుడ దొరసాని సందుగే తుడుస్తున్నవ్. మన నొసటి రాత ఎంత గట్టిగ చెక్కిండ్రా దేవుడు!"

"మా తాతను ఆ దొరసాని వడ్లోడా అన్నది. ఈమె నన్ను ఉస్తాద్ అంటది."

"అంటే మూడు తరాలల్ల ఒక్క మాట సంపాయించిండ్రు మీరు," అన్నాడు వాడు. నవ్వాం. ముగ్గురు మనుషుల నవ్వు ఆరు మంచాల రూముకు సరిపోదు, తొందరగా ఆగిపోతుంది.

ఇక నేను చేసిన ఘనకార్యం. పొద్దున మామా ఒక చీటీ ఇచ్చింది. వణికే చేత్తో ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మాటలు రాసి ఉన్నాయి. మొదటిది ఆమె పేరు. రెండోది ఇంటిపేరు అయి ఉండాలి. కానీ తలుపు మీది ఇత్తడి పలకలో ఉన్న ఇంటిపేరు అది కాదు. నేను తెలివైనవాణ్ని కదా, వెంటనే అర్థమైపోయింది. ముసలి ప్రాణం, కళ్లు కనపడవు, భర్త పోయిన బెంగ, పాపం పుట్టింటి ఇంటిపేరు రాసేసింది. పెళ్లయ్యాక ఆడదాని ఇంటిపేరు మారుతుందని లోకమంతటికీ తెలుసు. అత్త ఇంటికి కోడలై వచ్చినట్టు చెక్కడానికి పుట్టింటి ఇంటిపేరు ఎవరైనా వేస్తారా? పై పదకొండు పేర్ల పక్కన కూడా పదకొండు రకాల రెండో మాటలున్న సంగతి చూశాను. అవి వాళ్ల ఊళ్లేమో అనుకున్నాను. మన దగ్గర కోడలిని ఊరి పేరుతోనే పిలుస్తారు కదా, ఫలానా ఊరామె అని.

ఆమె అడిగినదానికంటే మంచిది ఇద్దామనుకున్నాను. ఇత్తడి పలక మీది పేరు కాగితం మీదికి ఎక్కించుకుని, రెండు రోజులు కూర్చుని చెక్కాను. తొమ్మిదోవాడి పని చూసి సిగ్గుపడకుండా ఉండేలా చెక్కాను. యాభై ఏళ్ల కింద అత్త ఇవ్వని ఇంటిపేరును నేను ఇస్తున్నానన్న గర్వం ఒకటి.

సోమవారం మధ్యాహ్నం మామా మూత ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చూపు ఆనదు కాబట్టి వేళ్లతో చదివింది. పై నుంచి ఒక్కొక్క పేరూ తడుముతూ వచ్చింది. పన్నెండోదాని మొదటి మాట దగ్గర పెదాలు కదిలాయి. రెండో మాట మొదటి అక్షరం మీద వేలు ఆగిపోయింది. మళ్లీ వెనక్కి వెళ్లి తడిమింది.

"ఇదెవరు?"

"మీరే మామా."

"నేను కాదు."

"మీ ఇంటిపేరే కదా. తలుపు మీద ఉంది."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేల మీద కూలబడి గోడకు ఆనుకుని మాట్లాడింది. వాళ్ల దగ్గర ఆడవాళ్ల ఇంటిపేరు పెళ్లితో మారదట. పుట్టినింటి పేరే చచ్చేదాకా ఉంటుందట. మూత మీది పదకొండు పేర్ల పక్కన ఉన్నవి ఊళ్లు కావు, వాళ్ల తండ్రుల ఇంటిపేర్లు. ఫలానా పెద్దింటి పిల్లను తెచ్చుకున్నాం, ఫలానా సేనాపతి ఇంటితో వియ్యమందాం అని చాటుకోవడానికే ఆ చెక్కడం. కోడలి పేరు ఒక సాకు.

"మా నాన్న ఆ ఇంటి దర్జీ," అంది. "ముప్పై ఏళ్లు వాళ్లకే కుట్టాడు, వెనక తలుపు నుంచి వెళ్లేవాడు. నేను పక్కన నిలబడి కొలతలు పుస్తకంలో రాసేదాన్ని. అలా ఒకడి ఛాతీ కొలత రాసి రాసి పెళ్లి చేసుకున్నాను. పెళ్లికొడుకు సూటు మా నాన్నే కుట్టాడు. పెళ్లిలో ఆఖరి వరసలో కూర్చున్నాడు. మా అత్త ఏమందో తెలుసా? దర్జీ పేరు ఈ మూత ఎక్కితే పైనున్న పేర్లన్నీ కిందికి దిగిపోతాయి అంది. మా ఆయన వింటూ నిలబడ్డాడు. ఉస్తాద్, నేను అడిగింది నా పేరు కాదు, మా నాన్న పేరు. అది ఆయన కుట్టిన కోట్ల లోపలి పట్టీ మీద తప్ప ఇంకెక్కడా లేదు."

నేను తెలిసీ తెలియక ఆమెకు అత్తింటి పేరు తగిలించాను. అత్త వద్దన్న పేరును కాదు, అత్త గొప్పగా చెప్పుకున్న పేరునే చెక్కి పెట్టాను.

పనిముట్లు సర్దుకుని వెనక మెట్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండ గోడల మీంచి కూడా కొడుతోంది. ఏం తోచక ఇంటికి ఫోన్ చేశాను.

"ఏందయ్యా గీ యాళ్లప్పుడు? పని లేదా?" నా పెళ్లాం గొంతు.

"ఉన్నది. ఒకటి అడుగుత. మీ నాయన ఇంటిపేరు ఏంది?"

అటు వైపు వెనకాల బర్రె అరిచింది.

"యాదికి లేదా?" అంది.

"ఎందుకుండదు?" ఒక పేరు చెప్పాను.

"అది మా మేనమామలది."

"ఆ... నాలిక తిరుగలే. అసలుది నువ్వే జెప్పు."

"నేను జెప్ప. పెండ్లయి ఇరవై ఆరేండ్లు. గందుల నువ్వు ఇంటికాడున్నది మూడేండ్లు గుడ కాదు. కాగితాలన్నిట్ల నీ ఇంటిపేరే మోస్తున్న. మా నాయనది నీకు యాదికొచ్చిననాడు ఫోన్ జెయ్యి," అని పెట్టేసింది.

మాటకు మాట అల్లగలవాణ్ని, ఒంటెతో హిందీ మాట్లాడించినవాణ్ని, ఆ ఒక్క పేరు మాత్రం అల్లలేకపోయాను. మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. రోడ్డు మీద ఒక మనిషి లేడు. ఏసీ నీళ్లు గొట్టం నుంచి ఒక్కో చుక్కా కారి, కింద పడకముందే ఆరిపోతున్నాయనిపించింది.

గురువారానికి మధ్యలో రెండు రోజులే. చెక్కినదాన్ని చిత్రిక పడితే పన్నెండో పేరుతోపాటు మూత మందం తగ్గి పదకొండో పేరుకు దెబ్బ. అత్తగారి మీద నాకు జాలేం లేదు గానీ, ఒకరి పని ఇంకొకరు చెరపకూడదని మా తాత చెప్పేవాడు. మైనం నింపి దాని మీద చెక్కితే ఓడలోని వేడికి కారిపోతుంది. చివరికి ఒకటే దారి. ఆ మాట వరకూ చెక్కను లోతుగా తవ్వి తీసేసి, అదే కొలతకు ఇంకో ముక్క పొదగాలి. కొత్త కర్ర పెడితే పచ్చి పుండులా కనిపిస్తుంది. సందుగ కిందికి దూరి చూశాను. అడుగున బరువు మోసే అడ్డకర్ర ఒకటుంది, అదే అక్రోటు, అదే వయసు, ఎవరి కంటా పడనిది. అందులోంచి వేలెడు ముక్క కోశాను.

"కిందిది తీసి పైన పెడుతున్నావా?" చప్పుడు విని మామా అడిగింది.

"అవును మామా."

"మా అత్త వింటే మళ్లీ చచ్చేది," అంది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి విన్నాను.

ముక్క పొదిగి, జిగురు ఆరేదాకా బరువు పెట్టి, ఈసారి చీటీని గోడకు అంటించుకుని, అక్షరం అక్షరం ఆమెతో పైకి చెప్పించుకుంటూ చెక్కాను. నల్లగా మరిగించిన టీ డికాషనూ, తుప్పు మేకులు నానబెట్టిన వెనిగరూ కలిపి పూస్తే పాత రంగు వచ్చింది. దర్జీ ఇంటిపేరు చిన్నది, ఆరు అక్షరాలే. నాలుగో అక్షరం మీద ఉలి ఉండగా మా మామ ఇంటిపేరు దానంతటదే నా నోట్లోకి వచ్చింది. ఉలి పక్కన పెట్టి ఫోన్ చేసి చెప్పాను.

"మూడు రోజులు బట్టిందా?" అంది నా పెళ్లాం. మళ్లీ తనే, "సరే తియ్. అన్నం దిన్నవా?" అంది.

బుధవారం సాయంత్రం మామా మళ్లీ మూత ముందు కూర్చుంది. వేళ్లతో ఆరు అక్షరాలూ తడిమింది. ఒకసారి చేత్తో, ఒకసారి బుగ్గ ఆనించి. అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు, ఆమెకు మాత్రం దొరికింది. దర్జీ కూతురు కదా. "మంచి కుట్టు," అంది.

అప్పుడే చెప్పింది, తన కంటి ఆపరేషను కూడా గురువారం పొద్దున్నే పడిందని. తేదీ మార్చమని అడిగినా ఆస్పత్రివాళ్లు మార్చలేదు. పూటపనికి వచ్చే శ్రీలంక ఆవిడ తోడు వెళ్తుంది. ఇంటి తాళం నా చేతిలో పెట్టింది.

"వాడు వస్తాడు. ముందు మూత ఎత్తి చూపించు. తర్వాతే మోయనివ్వు. వాడి మొహం బాగా చూడు ఉస్తాద్. నాకు మొత్తం చెప్పాలి."

గురువారం పదింటికి కారు ఆగింది. వారసుడు దిగాడు. తాడిచెట్టంత మనిషి, వెంట్రుకలకు నూనె, వాడు పూసుకున్న సెంటుకు గోడ మీది బల్లి తుమ్మింది. ఆగస్టు ఎండలో బూడిదరంగు ఉన్ని కోటు తొడుక్కుని వచ్చాడు. "ఇది మా తాతగారి కోటు, ఇంటి పని మీద వెళ్తే ఇదే వేసుకోవాలి, మా ఆచారం," అన్నాడు. హాలులో తెల్ల మచ్చల మీద నడుచుకుంటూ వచ్చాడు. బల్ల ఉండిన చోటు దగ్గర మాత్రం, ఎవరూ చెప్పకుండానే, చుట్టూ తిరిగాడు.

నేను మూత ఎత్తాను. వాడు మోకాళ్ల మీద కూర్చున్నాడు. బడిలో హాజరు పిలిచినట్టు ఒక్కో పేరూ పైకి చదివాడు. పదకొండూ అయ్యాయి. పన్నెండోది చదివాడు. ఆగాడు. మళ్లీ చదివాడు.

"ఈ ఇంటిపేరు ఎవరిది?"

"ఒక దర్జీది సాబ్. మీ పెద్దమ్మ తండ్రిది."

వాడు కోటు గుండీలు విప్పాడు. ఎడమ రెక్క తిరగేశాడు. లోపల, గుండె దగ్గర, అరిగిపోయిన గుడ్డపట్టీ కుట్టి ఉంది. దాని మీద అవే ఆరు అక్షరాలు. వాడి వేలు పట్టీ మీద, నా వేలు మూత మీద. రెండూ ఒకటే పేరు. "చిన్నప్పట్నుంచి ఈ పేరు తొడుక్కుని తిరుగుతున్నాను, ఎవరిదని ఎప్పుడూ అడగలేదు," అన్నాడు. తర్వాత వంగి ఆ పన్నెండో పేరును ముద్దు పెట్టుకున్నాడు. సందుగను కూలీలు మోస్తుంటే తనూ ఒక చెయ్యి వేశాడు.

అదీ జరిగింది. ఇక ఒట్టు సంగతి.

నా నెత్తి మీద నాలుగు వెంట్రుకలున్నాయి, అవి నాకు కావాలి. అందుకని చెప్పేస్తున్నాను. వారసుడు రాలేదు.

సందుగ నిజం. పదకొండు పేర్లు నిజం. నా తెలివితక్కువ తెలివి, అడుగుకర్ర ముక్క, మా ఆవిడ ఫోను, అన్నీ నిజం. గడికి నూటొక్క అర్రలున్నాయో ముప్పై ఉన్నాయో నేను అడగలేదు, అది రూములోవాళ్ల కోసం. కానీ గురువారం పదింటికి వచ్చింది సామాన్లు పంపే కంపెనీ వాళ్లు ఇద్దరు. ఒక పఠాన్, ఒక బంగ్లా మనిషి. బుడగల ప్లాస్టిక్ చుట్ట, టేపు తెచ్చారు. వారసుడేడని అడిగితే ఫోన్లో మెయిల్ వచ్చింది, ఇంకేం తెలీదన్నారు.

"భాయ్, ఒక్కసారి మూత ఎత్తి చూడండి," అన్నాను.

"ఖాళీయేనా?" అన్నాడు పఠాన్.

"ఖాళీయే. లోపల పేర్లున్నాయి."

"పేర్లకు బరువుండదు. సంతకం పెట్టు," అన్నాడు. మూతకూ పెట్టెకూ కలిపి చుట్టూ నాలుగు వరసలు టేపు వేశారు. పావుగంటలో ఖలాస్. అటు పక్క ఎవరైనా ఆ టేపు కోశారో, ఏ గోదాములోనో అలాగే ఉందో నాకు తెలీదు. వాళ్లు వెళ్లాక ఏసీ గదిలో మంచం పక్కన ఇంకో తెల్ల మచ్చ. నేనూ దాని చుట్టూ తిరిగి బయటికి వచ్చాను.

సాయంత్రం మామా కంటికి కట్టుతో తిరిగొచ్చింది. ఏసీ గదిలోకి వెళ్లి, చెయ్యి చాపి, ఖాళీని తడిమి, మంచం మీద కూర్చుంది.

"వచ్చాడా?" అంది.

మీకు ఇందాక చెప్పిన వారసుడి కథంతా ఆమెకు చెప్పాను. అక్కడే పుట్టింది అది, ఆ మంచం పక్కన నిలబడి, తాళంచెవి చేతిలో తిప్పుతూ. కోటు లోపలి పట్టీ మాట ఆమె ఇచ్చిందే, దాన్నే తిరగేసి ఆమెకు ఇచ్చాను. ఇరవై ఏళ్లలో ఎన్ని కోతలు కోశానో లెక్కలేదు, కానీ నమ్మితే బాగుండునని మొక్కుకుంటూ చెప్పింది అదొక్కటే.

ఆమె కట్టు లేని కన్ను కూడా మూసుకుని విన్నది.

"ఈ ఎండలో ఉన్ని కోటా?" అంది.

"ఆచారమట మామా."

"ముందు గుండీలు ఎన్ని?"

నాకేం తెలుసు? "మూడు," అన్నాను.

"మా నాన్న ఎప్పుడూ రెండే పెట్టేవాడు."

ఆమె మొహం నా వైపు తిప్పి ఎదురుచూస్తోంది. కోపం లేదు అందులో. అడగకూడనిది అడిగినదానిలా ఉంది.

"రెండే మామా," అన్నాను. "మూడోది నేను కల్పించాను."